చెయ్యి పెట్టి చూసిన వంతెన

మొన్న ఆదివారం ఎమ్మిగనూరులో మా ఇంటి వరండాలో కూర్చొని ఉండగా మా అల్లుడు ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టాడు. నల్లమల అభయారణ్యంలో ఈసారి వరదకు కొట్టుకుపోయిన రోడ్లూ వంతెనలూ బాగు చేశారట, మళ్ళీ జనాన్ని లోపలికి వదులుతున్నారట, కారు మాట్లాడుకొని పిల్లలతో సహా పోయి వద్దామట. ఫొటోలో ఒక చిన్న వంతెన కొత్తగా ఎర్రమట్టి కప్పుకొని, పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు ముస్తాబై ఉంది. అందరూ బాగుందన్నారు. నేను మాత్రం పక్కగోడలో ఎవరైనా చెయ్యి పెట్టి చూసినారా అని అడిగాను. అల్లుడు అర్థంకాక మా ఆవిడ వైపు చూశాడు.

"ఆయన వరసే అంత లేప్పా. పాలపాకెట్టు మీద తేదీ ఉంటే, ఇది ఎవరేసినారని అడిగే మనిషి" అని ఆమె లోపలికి పోయింది.

ఆమె అన్నది నిజమే గానీ, ఈ అనుమానం నా స్వార్జితం కాదు, పిత్రార్జితం. మా నాయన ఆదోనిలో పత్తి వ్యాపారి. ఆ రోజుల్లో మార్కెట్టుకు పోయినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కొనేవాడెవడూ కుప్ప పైనున్న పత్తిని చూసి ధర చెప్పేవాడు కాదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, భుజం దాకా కుప్పలోకి తోసి, అడుగు నుంచి ఒక పిడికెడు లాగి, పోగు సాగదీసి, చెంపకు ఆనించి తడి చూసిన తర్వాతే నోరు తెరిచేవాడు. దూదిలాంటి మనసని లోకమంతా అంటుంది, మా ఇంట్లో దూదినే నమ్మేవాళ్ళు కాదు. నాకు పత్తి ధూళి పడదు. నేను తుమ్మిన ప్రతిసారీ రైతు అపశకునమని కుప్ప మూటగట్టుకొని పోతుంటే, వీడు అంగడికి పనికిరాడని నాయన నన్ను రోడ్లూ వంతెనలూ కట్టించే ఓవర్సీరు చదువుకు పంపాడు. అట్లా పత్తి ఇంట్లో పుట్టి విపత్తుల ఉద్యోగంలో పడ్డాను.

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడాదే, వానలు వెనకబట్టి ఒక్కసారిగా కురిసి, నల్లమల లోపల ఒక వాగు పొంగి రోడ్డును కోసేసింది. వాగు మీది చిన్న రాతి వంతెన నిలబడింది గానీ, వంతెనకూ రోడ్డుకూ మధ్యనున్న మట్టి కట్ట కొట్టుకుపోయింది. అవతల అడవిలోని గుడికి పోయిన యాత్రికుల బస్సు ఒకటి చిక్కుకుపోయింది. మూడు రోజులుగా వాళ్ళకు బియ్యం చాలడం లేదు, ఒక ముసలమ్మకు జ్వరం. మా ఆదోని పక్కనున్న కోసిగి నుంచి పనికి వచ్చిన కూలీల జట్టు రాళ్ళూ మట్టీ వేసి ఆ గండిని పూడ్చింది. పోయి చూసి, సరిగా ఉంటే సంతకం పెట్టి బస్సును దాటించమని పైఅధికారి నన్ను జీపులో పంపాడు. సంతలో పుట్టి పెరిగినవాణ్ణే అయినా, సంతకమంటే నాకు భయం.

పోయేసరికి కట్ట నున్నగా, అలికిన గచ్చులా ఉంది. అవతలి ఒడ్డున డ్రైవరు ఇంజను నడిపి హారను మోగిస్తున్నాడు. నేను కాగితం తీశాను. అప్పుడు ఆ జట్టు మేస్త్రి, నా కంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు, మట్టిని గట్టిపరిచే దిమ్మిసను చేతిలో పట్టుకొని నా ముందుకొచ్చాడు.

"సార్, బస్సును వదలాకండి. తెల్లారి దిమ్మిస ఏస్తాంటే కుండ మీద కొట్టినట్ల మోగుతాంది. రేతిరి నీళ్ళు అడుగు మట్టిని లాక్కపోయి లోపల డొల్లుండాది."

నాకు వెంటనే ఏమి తోచిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నేను సంతకం పెడితే వీళ్ళ పని ఈరోజుతో సరి, పెట్టకపోతే ఇంకో వారం కూలి. పూడ్చినవాడే బాగాలేదంటున్నాడంటే ఇందులో ఏదో మతలబు ఉందనుకున్నాను. అతని కళ్ళల్లోకి చూశాను, ఎర్రగా ఉన్నాయి, తాగినాడనుకున్నాను. వెనకాల ఆడవాళ్ళు గుసగుసలాడుతుంటే అందరూ మాట్లాడుకొని వచ్చినారనుకున్నాను. పై పొర చూడు ఎంత గట్టిగా ఉందో అని బూటుకాలితో తన్ని చూపించాను.

మేస్త్రి నవ్వినాడు. "మీది ఆదోని గదా సార్. దూది కుప్పలో భుజం దాకా చెయ్యి పెట్టకుండా పైసా సెప్పరు. ఈడ మాత్రం పైన జూసి సంతకం జేస్తారా అప్పా?"

జీపు డ్రైవరు కూడా నవ్వడంతో నాకు రోషం వచ్చింది. కిందికి దిగి, వంతెన పక్కగోడలో కట్టకు ఆనుకొని ఒక రాయి ఊడిన సందు దగ్గర కూర్చొని, లోపల తేలుందేమోనన్న భయాన్ని పైకి కనపడనీయకుండా, చొక్కా చెయ్యి మడిచి తోశాను. మోచెయ్యి పోయింది, భుజం పోయింది, చెంప రాయికి ఆనింది. వేళ్ళకు ఏదీ తగల్లేదు. చల్లటి గాలి మాత్రం తగిలింది, ఎక్కడో అడుగున నీళ్ళు పారుతున్న చప్పుడు చెవికి వినపడింది. పైన జానెడు మట్టి, దాని కింద ఒక గది ఉంది. నా సంతకం మీద యాభైమందితో ఒక బస్సు ఆ గదిలోకి దిగేది.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మధ్యాహ్నానికి వాగు తగ్గితే, ఆ కట్ట మీద మనుషులను నడిపించే ధైర్యం కూడా లేక, తాడు కట్టి యాత్రికులను ఒక్కొక్కరినే నీళ్ళలో నడిపించి దాటించాం. జ్వరం ముసలమ్మను మేస్త్రే వీపున మోసుకొచ్చి జీపులో కూర్చోబెట్టాడు. బస్సు అక్కడే ఉండిపోయింది. కట్టనంతా తవ్వి మళ్ళీ అడుగు నుంచి రాళ్ళు పేర్చుకుంటూ రావడానికి ఆరు రోజులు పట్టింది. అంత జరిగినా నా అనుమానం పూర్తిగా చావలేదు, డొల్ల ఉన్నమాట నిజమే గానీ వీళ్ళకూ కలిసొచ్చింది కదా అనుకుంటూనే ఉన్నాను. అయిదో రోజు సంగటి తినేవేళ మేస్త్రి భార్యతో, ఇంకో వారం పని దొరికింది, సంతోషమేనా అన్నాను, ఏదో హాస్యమాడినట్టు.

ఆమె తల ఎత్తలేదు. "ఏం సంతోషం సార్? మాకాడ వానబడి పదునైందని కబురొచ్చె. ఆ బస్సు దాటినంక దాంట్లోనే ఎక్కిపోయి జొన్నలు ఏసుకుందామనుకొంటిమి. ఈయప్ప నోరు ఊరకుండకపాయ. ఈపాటికి నేల ఆరిపోయింటాది."

మెట్టనేల గురించి తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. విత్తనానికి సరిపడా తడి నేలలో నాలుగు రోజులుంటే ఎక్కువ, అది దాటితే ఆ ఏడాదికి అంతే. మేస్త్రి అటువైపు తిరిగి తింటున్నాడు. నేను లేచి వంతెన కొలతలు తీసుకుంటున్నట్టు నటించాను. ఏడోరోజు బస్సు దాటింది, జట్టంతా అందులోనే ఎక్కి పోయింది. విత్తనం పడిందో లేదో తర్వాతైనా ఒక కార్డు రాసి కనుక్కోవచ్చు, రాయలేదు. ఎన్నోసార్లు రైలు కోసిగి స్టేషన్లో ఆగింది, కిటికీలోంచి చూడటమే తప్ప దిగలేదు. వంతెనలో చెయ్యి పెట్టి చూశాను గానీ, ఆ మనిషిని మాత్రం పైపైన చూసి ధర కట్టాను.

ఇప్పుడు ఆదోనిలో పత్తిని మిషను సూదితో గుచ్చి తేమ చెబుతున్నారు, వంతెనలను ఫొటోలు తీసి బాగున్నాయంటున్నారు. మంచిదే, ఎవరి భుజాలూ నొప్పి పుట్టవు. అల్లుడి కారులో వస్తానన్నాను గానీ, వంతెనకు ముందు ఆపమని షరతు పెట్టాను. ఈ వయసులో వంగి చెయ్యి పెట్టలేనని మా ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. పెట్టను, కాసేపు నిలబడతాను. తనకు నష్టమైనా సరే, ఇది డొల్ల సార్ అని చెప్పే మనిషి ఇప్పుడు ఆ దారిలో ఎవరైనా ఉన్నాడేమో చూస్తాను. ఉంటే ఈసారి ముందుగా అతని ఊళ్ళో వానపడిందేమో అడుగుతాను.