నోట చేప

మా తమ్ముడి కూతురికి డైనోసార్ల పిచ్చి. అన్నిట్లోకీ దానికి ఇష్టమైనది స్పైనోసారస్, చేపలు తిని బతికిన డైనోసార్. ఫోన్లో దాని వీడియో పెట్టిందంటే చాలు, నాకు ఒళ్ళు మండిపోతుంది. పాపం పిల్లేం చేసింది, జంతువేం చేసింది? అయినా మండుతుంది.

మొదట్లో ఆ వీడియో నాకూ నచ్చింది. మేం గోదావరి పాయలో వల విసిరి బతికేవాళ్ళం. తమ్ముడు చేపలు పట్టేవాడు, నేను పాలకొల్లు మార్కెట్లో అమ్మేదాన్ని. ఒక సాయంత్రం తండ్రీ కూతుళ్ళు అరుగు మీద కూర్చుని చూస్తుంటే నేనూ తొంగి చూశాను. బస్సంత జంతువు లోతు లేని నీళ్ళలో కొంగలా కదలకుండా నిలబడి ఉంది. మొసలికున్నట్టు పొడుగాటి మూతి, దాని కొస మాత్రం నీళ్ళలో ముంచింది. మూతి మీద సన్నటి గుంటలుండేవట. బురద నీళ్ళలో చేప కనబడకపోయినా, కదిలితే వాటికి తెలిసిపోయేదని అనుకుంటున్నారట. దగ్గరికి రాగానే చటుక్కున నోట కరిచేది. ఆ పళ్ళు కోసేవి కావు, మేకుల్లా గుచ్చి పట్టేవి. జారిపోయే చేపకు అలాంటి పళ్ళే కావాలి మరి.

"చూశావా, నాన్న కూడా చేపల్ని ఇలాగే పడతాడు," అంటూ తమ్ముడు పళ్ళన్నీ బయటపెట్టి కూతుర్ని నవ్వించాడు.

నాకు నవ్వు రాలేదు. వాడు నిజంగానే అలా పట్టేవాడు. నడుం లోతు నీళ్ళలో వల లాగుతుంటే రెండు చేతులూ దానికే సరిపోతాయి. అందుకని ముందు దొరికిన చిన్న చేపను పళ్ళ మధ్య అడ్డంగా కరిచిపెట్టి, రెండో దాన్ని వల నుంచి విడదీస్తారు. మా నాన్న అలాగే చేశాడు, ఆయన నాన్నా అలాగే చేశాడు. వాళ్ళకేమీ కాలేదు. ఏమీ కాకపోవడమే మా కొంప ముంచింది.

"నడుముకి కట్టుకోమని సంచి కుట్టిచ్చాను కదరా. అందులో వేసుకోలేవా?" అన్నాను.

"సంచి నీళ్ళలో లాగేస్తదక్కా. నోరైతే ఎప్పుడూ కూడానే ఉంటది."

"జారి గొంతులోకి పోతే?"

"ఊరుకో అక్కా! చేప నన్ను మింగుద్దా ఏంటి?"

సంచి దండెం మీదే ఉండిపోయింది.

వరద తగ్గాక ఒక పొద్దున వలలో జెల్ల చేప పడింది. అరచేతి పొడుగు కూడా లేదు. పళ్ళ మధ్య గింజుకుని, తల ముందుగా గొంతులోకి జారింది. జెల్లకు రెక్కల దగ్గర ముళ్ళుంటాయి. బెదిరితే అవి నిక్కబొడుచుకుంటాయి. లోపలికి పోవడమే గానీ వెనక్కి రాదు. పక్క పడవ వాళ్ళు వాణ్ణి గట్టుకు ఈడ్చుకొచ్చి వీపు మీద గుద్దారు, చేప తోక పట్టి లాగారు. లాగిన కొద్దీ ముళ్ళు దిగాయి. నేను పరుగెత్తుకుని వెళ్ళేసరికి వాడు నన్నే చూస్తూ వేలితో నోరు చూపిస్తున్నాడు. మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు గారు చేపను బయటికి తీశారు. అప్పటికే ప్రాణం పోయింది.

ఇప్పుడు నేను జెల్లలు అమ్మను. ఎవరైనా అడిగితే కసురుతాను, బేరం పోతే పోయింది. నిన్న రేవులో ఒకతను నోట్లో చేప పెట్టుకుని వల దులుపుతుంటే నోటికొచ్చినట్టు తిట్టాను. చేప తీసి, "అలాగేలే అక్కా," అన్నాడు. మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి పిల్ల ఆ వీడియోనే చూస్తోంది. బొమ్మను ఆపి వేలు పెట్టి చూపించింది.

"అత్తా, దీని ముక్కు మూతి చివర లేదు చూడు. పైన, కళ్ళ దగ్గరుంది. నోరు నీళ్ళలో ఉన్నా ఊపిరాడ్డానికంట."

అది తన ముక్కు తడుముకుంది.

"నాన్నకి కూడా అక్కడుంటే బతికేవాడు కదా?"

అడ్డం పడింది గొంతులోనని, ముక్కు ఎక్కడున్నా ఒకటేనని దానికి చెప్పాలి. చెప్పలేకపోయాను. "అవునమ్మా," అన్నాను.

దండెం మీది సంచి తీసుకుని రేవుకు బయల్దేరాను, ఆ తిట్లు తిన్నవాడికి ఇద్దామని. కుట్టిన దగ్గర్నుంచీ అది ఒక్కసారి కూడా తడవలేదు.