దూలం చప్పుడు

మొగిలి ఎవరింటికి వెళ్ళినా ముందు పైకి చూస్తాడు. బెల్లంపల్లి బొగ్గుగనిలో ముప్పై ఏళ్ళు అతని పని అదే. "మల్లన్నా" అని దండం పెట్టుకుని కర్రతో గని కప్పును తట్టడం, బోలు చప్పుడు వస్తే కింద పనిచేసేవాళ్ళను పక్కకు జరపడం. పనిలోంచి దిగిపోయినా నడుము వంగే ఉంది, కళ్ళు మాత్రం పైకే. నాలుగడుగులకోసారి ఆగి దగ్గుతాడు. భార్య అప్పలనర్సమ్మది భీమిలి. సముద్రం పక్కన ఆమె చూసిపెట్టిన చిన్న ఇల్లు ఆదివారంలోగా కొనకపోతే వేరేవాళ్ళకు పోతుంది. అందుకే ఇక్కడి పెంకుటిల్లు అమ్ముతున్నారు. మూటలు కూడా కట్టేశారు.

శుక్రవారం పొద్దున ఇల్లు కొనే కొండల్ చంకలో పసిపిల్లతో వచ్చాడు. "ఉయ్యాల గీ దూలానికి కట్టుకుంట మామా" అన్నాడు. మొగిలి చేయి అలవాటుగా కర్ర అందుకుంది. దండం పెట్టుకుని తట్టాడు. బోలు చప్పుడు. మళ్ళీ తట్టాడు. అదే చప్పుడు.

"వద్దు బిడ్డా. లోపలంత చెదలు తిన్నది."

"ఆ మాట ఇప్పుడే సెప్పాలేటి?" అంది నర్సమ్మ.

"ఊరోళ్ళ కప్పులన్ని తట్టిన. మనది గిప్పుడే తట్టిన. నేను కొత్త దూలం ఏసినంకనే ఇల్లు తీసుకో కొండల్. నాలుగు దినాలు పడ్తది."

"మరి మీ భీమిలి ఇల్లు?" అన్నాడు కొండల్.

మొగిలి నిచ్చెన తెచ్చి దూలం కింద నిలబెట్టాడు. నర్సమ్మ పసిపిల్ల వైపు కాసేపు చూసింది. తర్వాత మూట విప్పి అన్నం కుండ బయటికి తీసింది.

"నిచ్చెనెక్కేవోడు ఖాళీ కడుపుతో ఎక్కకూడదు. నువ్వూ తినేసెళ్ళు బాబూ."