గుమ్మం బయట ఒక్క జత

పోయిన నెల మా చెల్లెలి కూతురిని అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్లో దింపడానికి వెళ్ళాను. ఏదో ఉద్యోగ పరీక్షకు కోచింగట, ఇప్పుడు ఆ వీధుల్లో సంసారాలున్న ఇళ్ళకంటే హాస్టళ్ళే ఎక్కువ. రెండో అంతస్తులో, గదుల ముందు ఆడపిల్లల చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి, ఏ జత ఎవరిదో దేవుడికే తెలియాలి. ఆ గుట్టను చూసి అక్కడే నిలబడిపోయాను. నా మడమ నొప్పి సంగతి తెలుసు కనుక పిల్ల కంగారుపడింది గానీ, నన్ను ఆపింది మడమ కాదు, ముప్పై ఏళ్ళ కిందటి ఒక జత చెప్పులు.

తొంభైల్లో మాట. మహబూబ్‌నగర్ జిల్లాలోని మా ఊరి బళ్ళో, ఆ తర్వాత అదే ఆవరణలోని జూనియర్ కాలేజీలో చదువుకుని, నారాయణగూడలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో చేరాను. ఉండడం చిక్కడపల్లిలో ఒక హాస్టల్. చేర్పించిన రోజే మా నాయిన సుల్తాన్ బజార్‌కు తీసుకుపోయి, నాలుగైదు దుకాణాలు తిరిగి, ఎర్ర పట్టీల చెప్పులు కొనిపెట్టాడు. మా ఊళ్ళో గుడైనా బడైనా చెప్పులు బయటే విడవాలి, సార్ల ముందుకు వాటితో పోతే వీపు విమానం మోత మోగేది. అందుకని మొదటి రోజు క్లాసు గుమ్మం పక్కన ఆ కొత్త చెప్పులు విడిచి, గోడవారగా సర్ది మరీ లోపలికి వెళ్ళాను.

లెక్చరర్ గారు వస్తూ గుమ్మంలో ఆగి, ఈ చెప్పులెవరివని అడిగారు. వరండా మొత్తానికి అదొక్కటే జత. మొదట వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు, ఆ తర్వాత క్లాసంతా నవ్వింది. నాయిన అంత ముచ్చటపడి కొన్న చెప్పులను నావి కావన్నట్టు తల వంచుకుని కూర్చున్నాను, దాన్ని తలుచుకుంటే ఈరోజుకీ నా మీద నాకే కోపం వస్తుంది. అందరూ వెళ్ళేదాకా కూర్చుని తర్వాత వేసుకున్నాను గానీ, మర్నాడు నా కాళ్ళు చూసి అందరూ పోల్చుకున్నారు. నాకు ‘గుడికొచ్చింది’ అని పేరు పెట్టారు. నేను కనబడితే చాలు, ఒకమ్మాయి రెండు చేతులూ జోడించి దండం పెట్టేది.

అప్పటినుంచి నాకు చదువు మీద ధ్యాస లేదు. ఎవరు చున్నీ ఎలా వేస్తున్నారు, క్యాంటీన్లో సమోసా చేత్తో తింటున్నారా చెంచాతోనా, మేడమ్ వస్తే లేస్తున్నారా లేదా, ఇవే చూపులు. అన్నం సయించేది కాదు. సాయంత్రం హాస్టల్లో కాళ్ళు నిలవక, కాలు కాలిన పిల్లిలా నారాయణగూడ దాకా పోయి మళ్ళీ చిక్కడపల్లికి వచ్చేదాన్ని. పలకరించే మనిషి ఒక్కరు లేరు. నెల తిరిగాక ఆదివారం వచ్చి చూసిపోతానన్న నాయినతో ఇంటికి వెళ్ళిపోవాలని తేల్చుకుని, నాలుగు రోజుల ముందే పెట్టె సర్దేశాను.

ఆ శనివారం మధ్యాహ్నం, నాకు దండం పెట్టే అమ్మాయే వచ్చి, బోటనీ బొమ్మలు నీకు బాగా వస్తాయి కదా, మా ఇంటికొచ్చి కాస్త చూపించమంది. వాళ్ళది కోస్తా నుంచి వచ్చి ఎప్పుడో అశోక్‌నగర్‌లో స్థిరపడిన కుటుంబం. దారంతా నాకు ఒకటే గుబులు, అక్కడ ఇంకేం తప్పు చేస్తానోనని. ఇంట్లోకి ఆమె ముందు వెళ్ళింది. తన చెప్పులు ఎప్పుడు విడిచిందో నేను చూడనే లేదు. పట్నంలో ఎవరూ విడవరు, మళ్ళీ నవ్వులపాలు కాకూడదు అనుకుంటూ, ఎర్ర పట్టీల చెప్పులతో టకటకా నడిచి హాలు దాటి దేవుడి గది ముందు నిలబడ్డాను.

అక్కడ కింద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న వాళ్ళ నాయనమ్మ నా కాళ్ళవైపు చూసి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి రా తల్లీ అంది, మెత్తగానే. నాకు ఏడుపు ఆగలేదు. మా ఇంటావంటా లేని పని చేశాను, అదీ దేవుడి ముందు. నాకు నేనే పరాయిదాన్నయిపోయినట్టు అనిపించింది. ఆ అమ్మాయి నా వెనకే గుమ్మం దాకా వచ్చి, తల వంచుకుని చెప్పింది.

“ఆరోజు క్లాసు గుమ్మం దగ్గర నీ చెప్పులు చూసి నేనూ విప్పబోయానే. నా వెనక వస్తున్నవాళ్ళెవరో నవ్వేసరికి కాలు మళ్ళీ దూర్చేశాను. నన్నెక్కడ చూసేశారోనని, తర్వాత క్లాసులో అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను.”

ఆమె కళ్ళలో కూడా నీళ్ళున్నాయి. అంత పెద్ద ఇల్లు, అంత చక్కటి మాట ఉన్న పిల్లకు కూడా నాలాగే భయమా అని నేను ఆశ్చర్యపోయాను. ఆ సాయంత్రం బొమ్మలు సగమే అయ్యాయి.

మర్నాడు నాయిన కాచిగూడలో రైలు దిగి, బర్కత్‌పుర మీదుగా నడిచి వచ్చాడు. నా మొహం చూశాడు, మంచం మీదున్న పెట్టె చూశాడు.

“ఏం బిడ్డా, ఉంటవా, వస్తవా?”

స్నేహితురాలింట్లో బొమ్మలు సగంలో ఉన్నాయని చెప్పాను. నాయిన పెట్టె ఎత్తి మంచం కిందికి నెట్టి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

ఆ స్నేహితురాలు పెళ్ళయ్యాక బదిలీల మీద ఊళ్ళు తిరిగి, ఉత్తరాలు తగ్గి, ఎక్కడుందో తెలియకుండా పోయింది. వాళ్ళిల్లున్న చోట ఇప్పుడు నాలుగంతస్తుల కోచింగ్ సెంటరుంది. ఈ కాలపు పిల్లలు ఒకరి కాళ్ళవైపు ఒకరు చూసుకోరు, చెవుల్లో తీగలు పెట్టుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. నవ్వేవాళ్ళు లేరు సరే, నేనూ విప్పబోయానని చెప్పేవాళ్ళయినా ఉన్నారో లేదో.

“పెద్దమ్మా, అందరూ ఇక్కడ్నే విడుస్తున్నరా?” అని మా పిల్ల గుసగుసగా అడిగింది. అందరూ ఏం చేస్తే నువ్వూ అదే చెయ్యి అనబోయి ఆగిపోయాను. మడమ నొప్పికి ఇంట్లో కూడా చెప్పులు విప్పొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. అయినా ఆ గుట్ట పక్కనే గోడవారగా నా చెప్పులు విప్పి, వాటి పక్కన దాని చెప్పులు సర్ది, చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళాను.