బుకిట్ బటోక్ క్వారీలో మార్స్ పరీక్ష

సింగపూర్ చూడాలని నేనెప్పుడూ అనుకోలేదు. మార్స్ రాళ్ళ గురించి చదవాలని మాత్రం ఎమ్మెస్సీ రోజుల నుంచీ ఉండేది. నాది కడప జిల్లా. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్పేదాన్ని. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు వేంపల్లె చుట్టుపక్కల దొరికే స్ట్రోమటొలైట్ల మీద. ఇవి కోట్ల ఏళ్ళ కిందట లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవులు పొర మీద పొర పేర్చుకుంటూ పోగా మిగిలిన రాళ్ళు. కోసి చూస్తే లోపల అలలు అలలుగా గీతలుంటాయి. మార్స్ మీద ఒకప్పుడు జీవం ఉండి ఉంటే దాని ఆనవాళ్ళు ఇలాంటి రాళ్ళలోనే దొరకొచ్చని శాస్త్రవేత్తల ఆశ. అందుకే సింగపూర్‌లో ఒక విశ్వవిద్యాలయం గ్రహశాస్త్రంలో పీహెచ్‌డీ సీటు ప్రకటిస్తే, ఒక పేజీ పరిశోధన ప్రతిపాదన, ఇద్దరు గురువుల సిఫారసులు జతచేసి పంపాను. ఫీజు ఉండదు, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. సీటు ఒక్కటే. నలుగురిని ఎంపిక పరీక్షకు పిలిచారు, వారిలో నేనొకదాన్ని. విమానం ఖర్చు వాళ్ళది, బస మాత్రం మనమే చూసుకోవాలి.

సెలవు అడిగితే మా ప్రిన్సిపాల్ తల కూడా ఎత్తలేదు. "సెమిస్టర్ మధ్యలో కుదరదమ్మా. వెళ్ళాలనుకుంటే రాజీనామా ఇచ్చి వెళ్ళు," అన్నాడు. ముప్పై ఒకటో ఏట ఉన్న ఒక్క ఉద్యోగమూ వదిలేసి, రాదేమో అనుకున్న సీటు కోసం విమానం ఎక్కాను. మా ఆయన శీను కరెంటు ఆఫీసులో పనిచేస్తాడు. చెన్నై విమానాశ్రయం దాకా వచ్చి బ్యాగు చేతికిచ్చి, నేను లోపలికి వెళ్ళేదాకా గేటు దగ్గరే నిలబడ్డాడు.

చెన్నై నుంచి నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. వీసా ఏజెంటు ద్వారా ముందే తీసుకోవాలి. అరైవల్ కార్డు మాత్రం ప్రయాణానికి మూడు రోజుల లోపల మనమే ఆన్‌లైన్‌లో నింపొచ్చు, దానికి డబ్బేమీ కట్టక్కర్లేదు. తెల్లవారుతుండగా దిగాను. ట్రైను చవకే అయినా బ్యాగు బరువుగా ఉందని టాక్సీ ఎక్కాను. నడుపుతున్న చైనా పెద్దాయన అద్దంలోంచి చూసి ఏం పని మీద వచ్చానని ఇంగ్లిష్‌లో అడిగాడు. మార్స్ రాళ్ళు చదవడానికన్నాను. "రాళ్ళు ఉంటాయి, సరే. ఉద్యోగాలు ఉన్నాయా లా?" అని, మాట చివర ఇక్కడివాళ్ళు తగిలించే 'లా'తో సహా అడిగి నవ్వాడు. నేనూ నవ్వాను.

టోవా పాయో అనే పేటలో రమణమ్మ ఆంటీ ఫ్లాటులో దిగాను. మా వదిన స్నేహితురాలికి ఆవిడ అత్తగారు. ఆవిడ తాతగారు శ్రీకాకుళం తీరం నుంచి ఇక్కడి ఓడరేవులో పనికి వచ్చారట. ఆవిడ తెలుగులో శ్రీకాకుళం యాస అలాగే ఉంది, మధ్యమధ్యలో తమిళం, మలయ్ మాటలు దొర్లుతుంటాయి. "ఏటమ్మా అలా నిలబడిపోయావు? ముందు సాపాటు, తర్వాతే నీ మార్స్," అంటూ బియ్యప్పిండితో ఆవిరికి వండిన ఇడియాప్పం పళ్ళెం ముందు పెట్టింది. ఆ రోజంతా నోట్సు తిరగేశాను. ఒక్క ముక్కా తలకెక్కలేదు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. టోవా పాయో నుంచి బుకిట్ బటోక్‌కి మెట్రోలో ఒకటే ఎర్ర లైను. ఉత్తరాన వుడ్‌లాండ్స్ మీదుగా చుట్టి వెళ్తుంది కాబట్టి దాదాపు గంట పడుతుంది. రైలు మారాల్సిన పని లేదు. టికెట్ కూడా కొననక్కర్లేదు, బ్యాంకు కార్డు గేటు దగ్గర తాకిస్తే రెండు డాలర్ల చిల్లర పోతుంది. పరీక్ష పాత క్వారీ పార్కులో. ఒకప్పుడు రాయి తవ్విన చోట ఇప్పుడు చెరువు నిలిచింది, చుట్టూ నిటారుగా నల్లరాతి గోడలు. పార్కుకు ఎదురుగా ఒక అపార్ట్‌మెంట్ బ్లాకు కింది అంతస్తు హాల్లో కంప్యూటర్ తెరలు అమర్చారు.

అక్కడే సమీనా పరిచయమైంది. హైదరాబాద్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, ఇల్లు పాయా లేబర్ వైపు. పుట్టింది హైదరాబాద్‌లోనే, పెరిగింది ఇక్కడ. నా నోట తెలుగు యాస ఇంగ్లిష్ వినగానే, "అక్కా, మీరు తెలుగేనా? అమ్మయ్యా! పొద్దున్నించీ ఇక్కడ మాట కలిపేవాళ్ళే లేరు," అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ రెండు నిమిషాల్లోనే, పరీక్ష పెడుతున్న ప్రొఫెసర్ మేడం జట్ల పేర్లు చదివింది. ఆ ఒక్క సీటుకు పోటీపడే మేమిద్దరం ఒకే జట్టు.

పరీక్ష ఇదీ. ఇద్దరిలో ఒకరు రోవర్, అంటే మార్స్ మీద తిరిగే బండి. తలకు కెమెరా కట్టుకుని క్వారీలో నడవాలి. ఏం కనిపించినా చెప్పకూడదు, ఆదేశం వస్తేనే కదలాలి. రెండోవారు హాల్లో కూర్చుని, వచ్చిన ఫొటోలు మాత్రమే చూసి ఆదేశాలు టైపు చేయాలి. మార్స్‌కి సందేశం అందడానికి సమయం పడుతుంది గనక ఇక్కడా ప్రతి ఫొటోనూ కొన్ని నిమిషాలు ఆపి పంపుతారు. ఆదేశాలు పదే. వాటితోనే జీవం ఆనవాళ్ళు చూపగల రాయిని వెతికి నమూనా తీసుకోవాలి. పార్కులో రాయి పగలగొట్టనివ్వరు కాబట్టి, నమూనా అంటే ఆ రాయి పక్కన చిన్న జెండా పాతడం. ముందు నేను హాల్లో, సమీనా బయట. మధ్యాహ్నం చోట్లు మారతాం.

మొదటి మూడు ఫొటోల్లో నల్లరాయి తప్ప ఏమీ లేదు. నాలుగో ఫొటో తెర మీదికి రాగానే కుర్చీ ముందుకు లాక్కున్నాను. గోడ మొదట్లో తెల్లటి రాయి. దాని మీద అలలు అలలుగా పొరలు. ఎండలో చెమటలు కక్కుతూ వేంపల్లె గుట్టల్లో నేను రెండేళ్ళు గీసుకున్న గీతలే అవి! నిర్వాహకులు కొన్ని రాళ్ళు బయటి నుంచి తెచ్చి పెట్టారని ముందే చెప్పారు. ఇది నా కోసమే పెట్టారనిపించింది. దగ్గరికి వెళ్ళమన్నాను. ఇంకా దగ్గరికి. వెలుగు పడేలా పక్కకు జరగమన్నాను. ప్రతిసారీ ఆ నిమిషాలు కదలవు. నా వెనక ప్రొఫెసర్ కలం కాగితం మీద గీసుకుంటున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

ఇంతలో కిటికీ బయట చీకటి కమ్మింది. ఇక్కడ వాన చెప్పి రాదు. ఎక్కడో మెరుపు హెచ్చరిక సైరన్ మోగింది. ప్రొఫెసర్ ఫోనులో ఎవరితోనో మాట్లాడి నా వైపు తిరిగింది. "ఆమె పక్కన మా మనిషి ఉన్నాడు, ఇప్పటికి ప్రమాదం లేదు. కానీ ఇంకో రెండు ఆదేశాలే. తర్వాత ఆమెను లోపలికి పిలిపిస్తాను."

ఒకటి వాడాను: రాయిని పక్క నుంచి చూపించు. ఫొటో వచ్చింది. గుమ్మటాల్లా ఉబ్బిన పొరలు, ఎంత అందంగా ఉన్నాయో! ఒట్టేసి చెప్పేదాన్ని అవి స్ట్రోమటొలైట్లేనని. చివరి ఆదేశం మిగిలింది. జెండా పాతమంటే పని పూర్తవుతుంది. టైపు చేయడం కూడా మొదలుపెట్టాను.

అప్పుడే ఒకటి గుచ్చుకుంది. బయటి నుంచి తెచ్చి పెట్టిన రాయైతే అంచులు విడిగా కనిపించాలి. ఇది నల్లరాయి మీద చర్మంలా అతుక్కుని ఉంది. పై నుంచి ఒక తడి చార కిందికి దిగుతోంది. ఆ చార ఎక్కడి నుంచి వస్తోందో ఫొటోలో లేదు. చూడాలంటే ఉన్న ఒక్క ఆదేశమూ ఖర్చు పెట్టాలి. జెండా ఉండదు. నమూనా ఉండదు. వదిలేసి వచ్చిన ఉద్యోగం గుర్తొచ్చింది. టైపు చేసినదంతా చెరిపేశాను. "జెండా వద్దు. తల పైకెత్తి చూడు," అని పంపాను.

ఆ ఫొటో కోసం ఆగిన నిమిషాల్లో ఉరుము ఒకటి హాలు తలుపుల్ని అదరగొట్టింది. చివరికి తెర వెలిగింది. గోడ పైన కాంక్రీటు కాలవ, దాని మూతి నుంచి వేలాడుతున్న తెల్లటి చుక్కలు. కాంక్రీటులోంచి ఊరిన సున్నపు నీరు ఏళ్ళ తరబడి కారి కారి పొరలు కట్టింది. జీవం లేదు, ఏమీ లేదు. "జీవం ఆనవాలు కాదు, కాంక్రీటు సున్నం. నమూనా తీసుకోలేదు," అని రాసిచ్చాను.

సమీనా నిలువునా తడిసి వచ్చింది. "అక్కా, ఆ కాలవ నా నెత్తి మీదే ఉంది! మాట్లాడొద్దన్నారు కదా, పెదవి కొరుక్కుని నిలబడ్డా. జెండా పెట్టమని ఉంటే పెట్టేసేదాన్ని. అల్లా, ఎంత టెన్షన్ లా!" అంది. ఇద్దరం నవ్వేశాం. మధ్యాహ్నం వాన వెలిశాక ఆమె హాల్లో కూర్చుంది, క్వారీలో పొద్దున తిరగని వైపు నేను రోవర్‌ని. ఆమె ఏ రాయి దగ్గరా ఆశపడి ఆగలేదు. చకచకా అన్నీ చూసి, చెరువు పక్కన దాచిన అసలు రాయి దగ్గర నా చేత జెండా పాతించింది. ఇంకా ఆదేశాలు మిగిలాయి కూడా.

సాయంత్రం ఇంటర్వ్యూలో ప్రొఫెసర్ సూటిగా అడిగింది. "నమూనా లేకుండా వచ్చిన మిషన్‌కు డబ్బెవరిస్తారు?"

"లేని జీవాన్ని ఉందని ప్రకటించిన మిషన్‌కు రెండోసారి ఎవరిస్తారు?" అన్నాను.

ఆమె తలూపింది. "అది నిజమే. కానీ ఆదేశాల్లో ఎక్కువ భాగం ఒక్క రాయికే ఖర్చు పెట్టారు. అది మీకు నచ్చిన రాయి గనక."

ఒప్పుకున్నాను. అందులో అబద్ధం లేదు మరి.

సీటు సమీనాకు వచ్చింది. ఆమె నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "నీకే రావాలి, బాగా చేశావు," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను, కళ్ళు మాత్రం మాట వినలేదు. తలుపు దాకా వెళ్ళినదాన్ని ఆగి వెనక్కి వచ్చాను. నాలో అంత ధైర్యం ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. "మేడం, పీహెచ్‌డీ కాకపోయినా మీ ల్యాబ్‌లో శిక్షణలాంటిది ఏదైనా ఉందా?" అని అడిగాను.

ఆమె మూసిన ఫైలు మళ్ళీ తెరిచింది. "మార్స్ ఫొటోలు చదివే పని ఉంది. ఆరు నెలల శిక్షణ. స్టైపెండ్ గదికీ తిండికీ సరిపోతుంది, అంతే. తర్వాత ఏమవుతుందో నేను మాటివ్వలేను. రేపు పొద్దునకల్లా చెప్పాలి."

ఆ రాత్రి భోజనానికి రమణమ్మ ఆంటీ నన్ను చవక తిండి దుకాణాలుండే టోవా పాయో హాకర్ సెంటర్‌కు తీసుకెళ్ళింది. ఒక బల్ల మీద టిష్యూ ప్యాకెట్ విసిరి, "చోప్ చేసేశాను, ఈ బల్ల ఇక మనదే. ఇప్పుడు వెళ్ళి మీ ఆయనతో మాట్లాడు, నేను మకాన్ తెస్తాను, తిందాం," అంది. జనం మధ్యలో, గరిటెల చప్పుడులో శీనుకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"ఆరు నెలలే కదా అని మాత్రం అనొద్దు బిందూ. నాకది తక్కువేం కాదు," అన్నాడు. "కానీ ఒప్పుకో. ఇక్కడికొచ్చి నువ్వు ఆ పని గురించే ఆలోచిస్తూ కూర్చుంటే నేను చూడలేను."

ఆంటీ పళ్ళేలతో తిరిగొచ్చేసరికి ఒప్పుకుంటున్నానని రాసి పంపేశాను.

ఇది రాస్తున్నప్పుడు నేను బుకిట్ బటోక్‌లో ఒక అద్దె గదిలో ఉన్నాను. శిక్షణ సగం దాటింది. పొద్దున్నించి సాయంత్రం దాకా మనిషి అడుగుపెట్టని నేల ఫొటోలు చూస్తాను. ప్రతి గీతనీ ముందు అనుమానిస్తాను, తర్వాతే ఇష్టపడతాను. సమీనా పక్క బల్ల దగ్గరే కూర్చుంటుంది. నా గుర్తింపుల్లో తప్పులు పట్టుకుంటుంది, ఆమెవి నేను పట్టుకుంటాను. శిక్షణ అయ్యాక నాకేం దొరుకుతుందో తెలియదు. కొన్ని సాయంత్రాలు ఆ భయంతో అన్నం సహించదు. అయినా పొద్దున్నే లేచి వెళ్తున్నాను. పని మొదలయ్యాక భయం గుర్తుకు రాదు. అది నాకు చాలా పెద్ద సంగతి.

ఈ దారిలో రావాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. పీహెచ్‌డీ దరఖాస్తు చివర, "సీటు రాకపోతే తక్కువ కాలపు శిక్షణకూ, ల్యాబ్ పనులకూ నా పేరు పరిశీలించగలరు" అని ఒక వాక్యం తప్పకుండా రాయండి. అలాంటి చోట్లు చాలాసార్లు ప్రకటనల్లో కనిపించవు, అడిగినవాళ్ళకే తెలుస్తాయి.