అర బిళ్ళ

ఆమదాలవలస స్టేషనులో నా పక్కన కూర్చున్న చేపలమ్మే ఆవిడ బీపీ బిళ్ళను పంటితో కొరికి, సగం మింగి, మిగతా సగం కొంగున ముడివేసుకుంది.

"డాక్టరు సగమే వేసుకోమన్నారా?" కొత్తవాళ్ళతో మాట్లాడని నేను అడిగేశాను.

"నాకూ బీపీ ఉన్నాదని నర్సమ్మ సెప్పింది గానీ, బిళ్ళలు మా ఆయనవమ్మా. సంద్రంలో ఏటకెల్లే మగోడికి నిండుది కావాల. ఆడదానికి అర సాల్దేటి?"

నవ్వుతూ టీ తాగబోయింది. నోటి ఎడమ మూల నుంచి టీ కారి చీర తడిసింది. ఆవిడకు తెలియలేదు. పక్షవాతం అలాగే మొదలవుతుందని చదివాను. చెప్పాలనుకునేలోగా రైలు వచ్చేసింది.

"ఈ బుట్ట ఓపాలి ఎత్తు తల్లీ, సెయ్యి లెగట్లేదు" అంది.

ఎత్తి నెత్తిన పెట్టాను. ఆవిడకు నేను చేసిన సాయం అదొక్కటే.