అమ్మమ్మ బీరపాదు, నా బ్యాటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే చిన్నదాన్ని నేనే, అందరికంటే పెద్ద కోపం మాత్రం నాదే. ఎనభైల మొదట్లో మాట. దేశంకాని దేశంలో, పిస్కాటవేలో రోడ్డు మలుపు దగ్గర మా ఇల్లు, నాకు పదేళ్లు. ఆ వేసవిలో మా అమ్మమ్మ తెనాలి నుంచి వచ్చి, చేతిరుమాలు కొసన ముడివేసి తెచ్చిన బీరగింజలు పెరట్లో టమాటాలు, గోంగూర పక్కన పెట్టింది. ఇప్పటిలా దుకాణంలో బీరకాయలు దొరికే రోజులు కావవి. ఆగస్టంతా ఆ పాదు మాకు కాసింది, ఎక్కడెక్కడి నుంచో కారేసుకుని వచ్చే అంకుల్స్‌కీ ఆంటీలకీ కాసింది.

సెప్టెంబరు చివరికి ఆకులు పండబారాయి. అమ్మమ్మ ఒక్క కాయను మాత్రం ఎవరినీ కోయనివ్వలేదు. విత్తనానికని తీగ మీదే వదిలేసి, గుర్తుగా నా ఎర్ర రిబ్బను కట్టింది. కాయ ఎండి పీచుకడితేగాని లోపలి గింజ నల్లబడదు. తెచ్చిన గింజలన్నీ నాటేసింది, పది రోజుల్లో తను వెళ్లిపోతుంది. వచ్చే ఏడు మాకు పాదు ఉంటుందా లేదా అన్నది ఆ ఒక్క కాయ మీదే ఆధారపడి ఉంది.

ఆ ఏడు చలి ముందే దిగింది. మంచు పడొచ్చని రేడియోలో చెప్పినప్పుడల్లా అమ్మమ్మ తన పాత చీరలు పందిరి మీద కప్పేది. పొద్దున్నే స్కూలు బస్సు సరిగ్గా మా మలుపులోనే ఆగేది. గాలికి ఊగే ఆ చీరలు చూసి బస్సులో పిల్లలు మాది దయ్యాల కొంప అన్నారు, నేను దయ్యాల పిల్లనన్నారు. ఒకరోజు స్కూలు నుంచి తిరిగొస్తుంటే వెనక సీటు కుర్రాడు నా జడ పట్టుకుని, ముఖాన్ని ముందు సీటు ఇనపకడ్డీకేసి కొట్టాడు. పై పెదవి చిట్లి గౌను మీదంతా రక్తం. బస్సంతా నవ్వింది. వాడు నాకు రెండింతలుండేవాడు. నేను తిరిగి కొట్టలేదు. ఆ సంగతి చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గే.

అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటారు. నేను దుత్తతో ఆగలేదు. గరాజ్‌లో ఉన్న అన్నయ్య బేస్‌బాల్ బ్యాటు తీసుకుని పెరట్లోకి పోయాను. చీరలు లాగి బురదలో తొక్కాను. పందిరి గుంజలు విరిగేదాకా కొట్టాను. టమాటాలు పగిలి ముఖాన చిందుతుంటే ఇంకా కసిగా కొట్టాను, ప్రతి దెబ్బకీ ఆ కుర్రాడి ముఖమే కనిపించింది. చివరికి ఎర్ర రిబ్బను కంటబడింది. అది ఏమిటో తెలియక కొట్టానని చెప్పను. తెలిసే కొట్టాను. ఒక్క దెబ్బకి కాయ చీలి, గింజలు చెల్లాచెదురయ్యాయి.

వెనక్కి తిరిగితే మెట్ల మీద అమ్మమ్మ ఉంది. చెంప పగులుతుందనుకున్నాను. ఆవిడ వచ్చి కొంగుతో నా పెదవి తుడిచి, ఎవరు కొట్టారే అంది. చెప్పాను. ఆవిడ నా భుజాలు పట్టి పాదు వైపుకి తిప్పింది.

"కొట్టినవాడు బస్సులో పోయాడు. ఈ పాదు ఏం చేసిందే నిన్ను, అన్నంలోకి కూరపెట్టింది తప్ప?"

అప్పుడు ఏడ్చాను. ఆవిడ ఏడవనిచ్చింది కాసేపు. తర్వాత లోపలికి పోయి కత్తిపీట తెచ్చి నేల మీద వేసుకుని కూర్చుంది. "లే. ఎలాగూ నాలుగు రోజుల్లో వీటన్నిటినీ పీకాల్సిందే. మొదలుపెట్టావుగా, సగంలో వదలకు" అంది.

పొద్దు వాలేదాకా పీకించింది. తీగలు, గోంగూర కట్టెలు, టమాటా మొదళ్లు వేళ్లతో సహా లాగాను. ఆవిడ వాటిని కత్తిపీట మీద తరిగి పోస్తుంటే, నేను పారతో గుంటలు తవ్వి పాతాను, పైన మేపుల్ ఆకులు పరిచాను. అరచేతులు పొక్కి, చితికి, పారకర్రకి రక్తం అంటింది. మా అమ్మ ల్యాబ్ నుంచి వచ్చి నన్ను చూసి హడలిపోయింది.

"అయ్యో, ఏమైందే? ఎవడు చేశాడు? రేపు లీవ్ పెట్టి ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాను. ముందు లోపలికి పద."

"మాట్లాడు, తప్పకుండా మాట్లాడు," అంది అమ్మమ్మ. "ఇప్పుడు మాత్రం దాన్ని తవ్వనీ."

చివరి పని గింజలు ఏరడం. మోకాళ్ల మీద పాకుతూ బురదలో వెతికాను. అమ్మమ్మ నా గోరుతో నొక్కించి చూపించింది, తెల్లవన్నీ మెత్తగా నలిగిపోయాయి. నల్లబడి గట్టిగా నిలిచినవి అయిదు. వాటిని కడిగి, ఆరబెట్టి, బూడిదలో కలిపి ఫిల్ము రీలు డబ్బాలో పోసి నా చేతికే ఇచ్చింది. అమ్మకి ఇవ్వలేదు.

మళ్లీ మే నెలలో అయిదూ నాటాను. ఒక్కటే మొలిచింది. దానికి రోజూ నీళ్లు పోసింది నేనే. అక్టోబరులో మంచు పడుతుందన్న కబురు వచ్చినప్పుడు అమ్మ తటపటాయించింది, చీర కప్పినా పొద్దున బస్సు వేళకి తీసేద్దామా అని అడిగింది. వద్దన్నాను. అమ్మమ్మ వదిలి వెళ్లిన వాటిలో అన్నిటికంటే ముదురు రంగు చీర వెతికి, అంచు రోడ్డు వైపుకి వచ్చేలా నేనే కప్పాను.

నా పెదవి మీద మచ్చ ఇంకా ఉంది. కోపం తగ్గిందని అబద్ధమాడను. చెయ్యి లేచినప్పుడల్లా ఎదుట ఉన్నది నన్ను కొట్టినవాడా, కూరపెట్టిన పాదా అని చూసుకోవడం మాత్రం అలవాటైంది. ఓసారి ఆఫీసులో పడ్డ మాటలన్నీ కడుపులో పెట్టుకుని ఇంటికొచ్చాను. పాలు ఒలకబోసిందని మా అమ్మాయి మీదికి లేచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నేరుగా పెరట్లోకి పోయి టమాటా మొక్కలన్నీ పీకిపారేశాను. సెప్టెంబరు చివర అది, వాటికి ఎలాగూ రోజులు దగ్గరపడ్డాయి. కాసేపటికి మా అమ్మాయి తలుపు తీసుకుని భయంభయంగా వచ్చింది. దాని చేతికి చిన్న పార ఇచ్చి, పక్కన చోటిచ్చాను.