ఒక్క బల్బు ఇల్లు

మొన్న సాయంత్రం నంద్యాలలో మా ఇంటి ఎదురు గోడకు పోస్టర్లు అంటించడానికి వచ్చిన ఒకాయన బకెట్టులో మైదా బంక కలుపుతుంటే, ఆ వాసన గేటు దాటి, వరండా దాటి, నేను బెండకాయలు తరుగుతున్న చోటికి వచ్చి ముక్కుకు తగిలింది. ఉడికిన మైదా కమ్మదనం, పురుగు పట్టకుండా అందులో వేసే మైలుతుత్తం ఘాటు, అడుగున కాస్త మాడిన వాసన. కత్తిపీట మడిచి పక్కన పెట్టేశాను. ఇంక ఆ పూట కూర సాగలేదు. డిసెంబరు వచ్చిందంటే ఆళ్లగడ్డలో మా ఇంటి నిండా ఇదే వాసన. నాయన క్రిస్మస్ నక్షత్రం కడుతున్నాడని వీధి మలుపులోనే తెలిసిపోయేది.

మా నాయన బేల్దారి. ఊళ్లో ఎన్నో ఇళ్ల గోడలు ఆయన చేతి మీద లేచినవే గానీ, మాకు మాత్రం ఒక నడవ, ఒక పడకగది, పొగ పట్టిన ఒక వంటిల్లు, కింద నాపబండలు, పైన మట్టిమిద్దె. కరెంటు ఉండేది. గది గదికీ హోల్డరు ఉండేది. బల్బు మాత్రం ఒక్కటే. నవ్వకండి, నిజంగానే ఒక్కటే. పొద్దుగూకగానే అది నడవలో వెలిగేది. సంగటి కెలికే వేళకు నాయన తుండుగుడ్డ చేతికి చుట్టుకొని, కాలుతున్న బల్బును నొక్కి తిప్పి ఊడదీసి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుపోయి వంటింట్లో తగిలించేవాడు. తిన్నాక అది మళ్లీ నడవకు వచ్చేది. బల్బు ప్రయాణంలో ఉన్నంతసేపు ఇల్లంతా కటిక చీకటి, ఎవరి చోట వాళ్లం కదలకుండా కూర్చోవాలి. దారంటే ముందు నడిచే అమ్మ గాజుల చప్పుడే. ఆ చప్పుడు ఎటు పోతే నాయన అటు పోయేవాడు.

ఆయన పిసినారి అని వీధిలో అనేవాళ్లు. ఒక వానాకాలం పనుల్లేక బిల్లు కట్టలేకపోతే ఫ్యూజు పీకేశారు, వీధి వీధంతా అరుగుల మీద నిలబడి చూసింది. ఆ రోజు నుంచీ ఆయనకు కరెంటంటే అప్పులవాడంత భయం. "దీపం ఉండంగనే ఇల్లు చక్కబెట్టుకోవాల మే, బేగా కానీండి, ఆడ చక్రం తిరుగుతాంది" అని అరిచేవాడు. చక్రమంటే మీటరు చక్రం. అద్దం వెనక వెండిలా మెరిసే ఒక రేకు బిళ్ల, దాని అంచున ఎర్రటి గుర్తు. బల్బు ఆర్పి, నేనూ మా అన్న దానియేలూ అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లం. ఎర్ర గుర్తు ఎక్కడిదక్కడ నిలిచిపోతే ఊరు గెలిచినట్టు కేకలు! మాకు గోలీలూ బొంగరాలూ ఒక ఎత్తు, ఆ చక్రాన్ని నిలబెట్టడం ఒక ఎత్తు.

చీకట్లో తిరగడం నాయనే నేర్పాడు. గోడకు ఎడమ చేయి ఆనించి నడవాలి, తలుపు చెక్క తగిలితే వంగాలి, కడవ చల్లదనం చేతికి సోకితే ఆగాలి. మేం మోకాళ్లు కొట్టుకునేవాళ్లం. అమ్మ మాత్రం నీళ్ల బిందె చంకనెత్తుకొని చుక్క తొణక్కుండా వచ్చేసేది. "సూడండి మీ అమ్మను! దీపమే అక్కర్లేదు ఆయమ్మకు. నేర్చుకోండి" అని నాయన మెచ్చుకుంటే అమ్మ మొహం విప్పారేది. ఆయన నోట మెచ్చుకోలు వినడం ఆమెకు మహా అరుదు.

ఆ చీకట్లోనే మా అమ్మ కళ్లు పోయాయి. ఒక్క రోజులో కాదు, కొన్నేళ్ల పాటు, కొంచెం కొంచెంగా, మేమందరం చూస్తుండగానే. చూస్తుండగానే అన్నానా? చూసిందెవరు!

వేసవుల గురించి చెప్పాలి. ఆళ్లగడ్డ ఎండలు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, మధ్యాహ్నం మూడింటికి నాపబండ మీద కాలు పెడితే చర్మం అంటుకునేది. ఫ్యాను మాటెత్తితే నాయన తాటాకు విసనకర్ర చేతికిచ్చేవాడు. కిటికీకి తడి గోనెసంచి, నేల మీద నీళ్లు, చీకటి పడితే మిద్దె మీద చాపలు, తూర్పున నల్లమల వైపు నుంచి ఎప్పుడో ఒక గాలి తెమ్మెర. పక్క ఇళ్ల ఫ్యాన్ల రొద మా మిద్దెదాకా వచ్చేది, నాకు ఏడుపొచ్చేది. మంచం కింద వరిగడ్డిలో బనగానపల్లె మామిడికాయలు మాగేవి. అమ్మ గడ్డిలోకి చేయి పోనిచ్చి, ఒక్కొక్క కాయనూ ముక్కు దగ్గరకు తెచ్చుకొని, పండినదాన్నే పైకి తీసేది. ఒక్కసారి కూడా పచ్చికాయ రాలేదు. మా అమ్మకు ఎన్ని తెలుసో అని పొంగిపోయేదాన్ని.

అట్లాంటివి తవ్వే కొద్దీ వస్తాయి. రాత్రి ప్రార్థనకు బైబిలు తనే చదివే మనిషి ఒకనాడు నా ఒళ్లో పెట్టి, "నీ గొంతు బాగుంటాది పాపా, నువ్వు సదువు, నేనింటా" అంది. సూదిలో దారం ఎక్కించడానికి నన్నే పిలిచేది, లేత కళ్లకు పని చెప్పాలి అనేది. వీధిలో నా భుజం మీద చేయి వేసి నడిచేది. అది ప్రేమ అనుకునేదాన్ని. ప్రేమ కూడా ఉండేదిలే. ఒక పండుగ పూట నాయన నోట్లో రాయి కటుక్కుమంది.

"ఏం జూసి ఏరినావ్ మే బియ్యం?"

"బల్బు మబ్బుగా ఉండాది. ఇంగొంచెం పెద్దది తేరాదా?"

"పెద్ద బల్బా! దుడ్లు యాడినుంచి వస్తాయి?"

అంతే. నాయన తుండుతో ఆ బల్బునే ఒకసారి తుడిచి, మళ్లీ తగిలించాడు. అమ్మ ఇంకోసారి అడగలేదు. ఆ ఒక్క మాట కోసం నాయన మీద నాకు ఇప్పటికీ కోపమే, చచ్చిపోయిన మనిషి గదా అని లేదని అబద్ధమాడలేను.

కానీ ఆయన చేయి బిగింపంతా డిసెంబరులో సడలిపోయేది. వెదురు బద్దలు చీల్చి, ఐదు మూలల చట్రం కట్టి, మైదా బంకతో ఎర్ర కాగితం, పసుపు కాగితం అంటించి, మూలమూలకూ జాలర్లు వేలాడదీసి, నిచ్చెనేసి మిద్దె పిట్టగోడ మీద గడకర్రకు కట్టేవాడు. లోపల వెలిగేది ఏ బల్బనుకున్నారు? మా ఇంటి బల్బే. ఆ నెలంతా ఇంట్లో సీమనూనె బుడ్డి, మిద్దె మీద నక్షత్రం. చక్రం తెల్లార్లూ తిరిగినా నాయన నోరెత్తేవాడు కాదు. "దేవుని పేరు మీద ఎలిగేదానికి లెక్క సూడకూడదు" అనేవాడు. లోపల అమ్మ నిప్పట్లు వత్తుతుండేది, కజ్జికాయల్లోకి కొబ్బరి, బెల్లం దంచుతుంటే యాలకుల వాసన, పైన బంక వాసన, మధ్యలో బుడ్డి పొగ. మాకు పండుగంటే ఈ మూడూ కలిసిన వాసనే.

నక్షత్రం మొదటిసారి వెలిగే సాయంత్రం అమ్మను వీధిలోకి పిలవడం మా ఇంటి ఆనవాయితీ. ఆమె తలెత్తి చూసి బాగుందంటేనే నాయన నిచ్చెన దిగేవాడు. ఒక మూల వంగిందంటే మళ్లీ ఎక్కేవాడు. ఏడాది పొడుగునా ఆయన మాటే చెల్లే ఇంట్లో, ఆ ఒక్క సాయంత్రం అమ్మ మాట చెల్లేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడు, పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ అమ్మ వచ్చి నా భుజం పట్టుకొని నిలబడింది. పైన నాయన, కింద స్విచ్చు దగ్గర అన్న. అన్న స్విచ్చు వేశాడు. ఎర్రగా, పసుపుగా, వీధి దుమ్ము మీద కూడా రంగు పడేటట్టు వెలిగింది నక్షత్రం. పిల్లలం కేకలు వేశాం, పక్కింటి అవ్వ చప్పట్లు కొట్టింది. నాయన పైనుంచి వంగి చూస్తున్నాడు, అమ్మ ఏమంటుందోనని. అమ్మ తలెత్తే ఉంది, నవ్వుతూనే ఉంది. వెలుతురు ఆమె మొహం మీద ఎర్రగా పడుతోంది.

"ఏందీ పాపా, ఇంగా ఎయ్యలేదా? మెడ నొప్పి పుడతాంది."

నాయన నిచ్చెన మీదే ఉండిపోయాడు. ఆయన దిగి వచ్చి, అమ్మ మొహం ముందు చేయి ఆడించి, ఆ చేత్తోనే తన నోరు మూసుకోవడం నాకు కనిపించింది. అమ్మకు కనిపించలేదు.

కర్నూలులో కంటి డాక్టరు నీటికాసులు, అదే గ్లకోమా, అన్నాడు. ముందే తీసుకొచ్చి ఉంటే ఆపగలిగేవాళ్లమట, పోయిన చూపు మాత్రం ఇక రాదట. ఎండ పూట నీడల్లాగా ఏవో మసకలు తెలుస్తున్నాయి, అంతే. "ఇన్ని రోజులు చెప్పకుండా ఎట్లుండినావ్ మే?" అని నాయన ఆసుపత్రి మెట్ల మీద కూలబడి అడిగాడు. ఆమె చెప్పిన జవాబు నా గుండెలో ముల్లై అట్లాగే ఉంది.

"పగలు మసకైతే వయసనుకున్యా. రాత్రిళ్లు... నువ్వే ఏటేటా చిన్న బల్బు ఏస్తాండావనుకున్యా. దుడ్లకు కష్టంగా ఉండాదేమో, మళ్లా అడిగి నిన్నెందుకు బాధపెట్టేది అని ఊరికుండినా."

అయ్యో నా తల్లీ! తన కళ్లు ఆరిపోతుంటే మా సంసారం పొదుపు చేస్తోందని అనుకుంది.

ఊరికి వచ్చిన సాయంత్రమే నాయన హోల్డరు హోల్డరుకూ బల్బు కొనుక్కొచ్చాడు, అన్నీ పెద్దవే. అప్పటిదాకా మేం చూడని మా ఇల్లు చూశాం. గోడల పగుళ్లు, దూలానికి బూజు, అమ్మ చీర చిరుగు మీద వంకరటింకర కుట్లు, ఆమె వేళ్ల మీద కాలిన మచ్చలు. ఎన్ని మచ్చలో! మీటరు చక్రం గిర్రున తిరుగుతుంటే నాయన దానికి వీపు పెట్టుకు కూర్చునేవాడు. అమ్మ ఊరుకుంటుందా? బల్బు కింద నిలబడితే నెత్తికి సోకే వేడిని బట్టి కనిపెట్టి, గోడ తడుముకుంటూ పోయి ఆర్పేసేది. "నాకేం కనపడతాదని ఇంత దండగ?" అనేది. ఆయన లేచి వేసేవాడు, ఆమె లేచి ఆర్పేది. నోరు లేని ఆ జగడం ఆమె పోయేదాకా నడిచింది.

నక్షత్రం కట్టనని నాయన భీష్మించుకుంటే అమ్మే పట్టుబట్టి కట్టించింది. కాకపోతే ఆ తర్వాత ఎప్పుడూ అది మిద్దె ఎక్కలేదు. ఆమెకు చేయి అందేలా, గడప పక్కన మేకుకు వేలాడేది. అన్న స్విచ్చు వేస్తే అమ్మ రెండు అరచేతులూ కాగితానికి దగ్గరగా పెట్టి, చలి కాచుకుంటున్నట్టు కాసేపు నిలబడేది. బల్బు మెల్లగా వేడెక్కేది, కాగితం వెచ్చబడేది, ఆమె మొహం విప్పారేది. "ఎలుగుతాంది" అనేది. ఆ మాట వినేదాకా నాయన ఊపిరి తీసుకునేవాడు కాదు.

అమ్మ పోయింది, ఆ వెనకనే నాయనా పోయాడు. అన్న ఆ ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకున్నాడు, చక్రం తిరిగే మీటరు పోయి అంకెలు మెరిసే డబ్బా వచ్చింది, ఆ పాత బల్బులు ఇప్పుడు నంద్యాల అంగళ్లలో అడిగితే వింతగా చూస్తున్నారు. నా ఇంట్లో అన్నీ ఎల్‌ఈడీలే. ప్రతి గదిలో ఒకటి, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క మనిషి. అన్నీ వేసి ఉంచినా బిల్లు భయపెట్టదు. నాయన చూస్తే మురిసిపోయేవాడేమో.

పోస్టర్లాయన వెళ్లిపోయాక, ఆ పొద్దున మా వారు కొనుక్కొచ్చిన ప్లాస్టిక్ నక్షత్రాన్ని అట్టపెట్టెలోంచి తీసి గేటుకు తగిలించాను. స్విచ్చు వేస్తే చాలు, కరెంటు తాగీ తాగనట్టు ఏడు రంగుల్లో తళతళలాడింది. కళ్లు మూసుకొని రెండు అరచేతులూ దానికి దగ్గరగా పెట్టాను. చల్లగా ఉంది. వేడెక్కుతుందేమోనని చాలాసేపు అట్లాగే నిలబడ్డాను, నిలబడ్డకొద్దీ చల్లగానే ఉంది. ఇప్పుడు అమ్మ బతికి వచ్చినా, ఇది వెలుగుతోందని ఆమెకు తెలిపే దారి నా దగ్గర లేదు. నా పక్కన నిలబడి, భుజం మీద చేయి వేసి, మళ్లీ ఆ మాటే అడుగుతుంది.

"ఏందీ పాపా, ఇంగా ఎయ్యలేదా?"